పిల్లలతో కాలువ గట్టు మీద సైకిల్ షికారు: దారి తప్పితే ఏం చేయాలి

సంక్రాంతికి కోనసీమలో అమ్మమ్మగారింటికో తాతగారింటికో చేరిన కుటుంబాల్లో ఎవరో ఒకరు ఈ మాట అంటారు: "పిల్లల్ని తీసుకుని సైకిళ్ళ మీద గట్టెంబడి అలా వెళ్ళొద్దాం." మంచి ఆలోచనే. ఎత్తుపల్లాలు ఉండవు, జనవరి ఎండ మాడ్చదు, దారి పొడుగునా కొబ్బరిచెట్ల నీడ. పిల్లలు ఫోను పక్కనపెట్టి బయటికొచ్చే సందర్భాలు ఎన్నని దొరుకుతాయి?

చిక్కంతా "కాలువ పక్కనే కదా, దారెలా తప్పుతాం" అనే ధీమాతో వస్తుంది. గట్టు మీద దారి తప్పరు, నిజమే. కానీ వేరే కాలువ పట్టుకుంటారు, లేదా అవతలి గట్టు మీద ఉండిపోతారు. వెళ్ళాల్సిన ఊరు ఎదురుగా కనబడుతూనే ఉంటుంది, మధ్యలో నిండు కాలువ. వంతెన ఎక్కడుందో తెలియదు. చిన్నవాడికి ఆకలి, పెద్దమ్మాయికి అలక. "ఇంకొంచెం ముందుకెళ్తే వంతెన వస్తుందిలే" అని నాన్న. షికారు పాడయ్యేది సరిగ్గా ఆ మాట దగ్గరే. అలాంటప్పుడు ఏం చేయాలో, అసలు అంతదాకా రాకుండా ముందే ఏం చూసుకోవాలో వరసగా చెప్తాను. ఉదాహరణకి బొబ్బర్లంక నుంచి ఆత్రేయపురం, లొల్ల మీదుగా రావులపాలెం వైపు వచ్చే కాలువ దారిని తీసుకుంటున్నాను. కృష్ణా డెల్టాలో తిరిగేవాళ్ళకు కూడా ఇందులో చాలావరకు పనికొస్తుంది.

1. కాలువ ఎటు పోతుందో ముందు ఇంట్లోనే తెలుసుకోండి

కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాని వెంట వచ్చిన కాలువలు పొలాలకు నీళ్ళివ్వడంతోపాటు పడవలు తిరగడానికి కూడా పనికొచ్చాయి. గట్టు మీద మనుషులు నడుస్తూ తాళ్ళతో పడవల్ని లాగేవారు. నీటి మట్టం మారేచోట పడవల్ని దించడానికీ ఎక్కించడానికీ లాకులు కట్టారు. ఇప్పుడు పడవలు లేవు, లాకులూ గట్టుబాటలూ మిగిలాయి.

మనకు పనికొచ్చే సంగతి ఏమిటంటే, బొబ్బర్లంక దగ్గర బయల్దేరిన ప్రధాన కాలువ లొల్ల లాకుల దగ్గర చీలిపోతుంది. అమలాపురం వైపు ఒక పాయ, పి.గన్నవరం వైపు ఒక పాయ, ఇలా. అందరూ ఆగి ఫొటోలు దిగేది కూడా అక్కడే. దిగిన ఫొటోలు చూసుకుంటూ, కబుర్లాడుకుంటూ మళ్ళీ బయల్దేరేటప్పుడు ఏ గట్టెక్కారో ఎవరూ గమనించరు. ఏ పాయ చూసినా ఒకేలా ఉంటుంది మరి: అవే చెట్లు, అవే నీళ్ళు, అవే బాతులు. కాబట్టి కాలువ చీలేచోటు మీ దారిలో ఉంటే, అక్కడ ఎటు తిరగాలో బయల్దేరకముందే తాతయ్యనో మావయ్యనో అడిగి కాగితం మీద గీయించుకోండి. ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళు గీసిన ఆ గీతల బొమ్మ మ్యాప్ కంటే మేలు. ఏ వంతెన కూలిందో, పొలాలకు పోయే ఏ పుంతలో బురదుందో వాళ్ళకు తెలుసు.

ఫోనులో గూగుల్ మ్యాప్స్ కూడా పెట్టుకోండి, తప్పు లేదు. ఆ ప్రాంతం మ్యాపును ఇంట్లో వైఫై ఉన్నప్పుడే ఆఫ్‌లైన్‌కి డౌన్‌లోడ్ చేసుకోండి. తర్వాత శాటిలైట్ బొమ్మ తెరిచి మీరు వెళ్ళే కాలువ మీద ఎక్కడెక్కడ వంతెనలున్నాయో వేలితో జరుపుతూ చూడండి, ఒక్కో వంతెనకీ దగ్గరున్న ఊరి పేరు రాసుకోండి. పది నిమిషాల పని. మొత్తం తయారీలో ఏదో ఒక్కటే చేసే ఓపిక ఉందంటే ఇది చేయండి. మ్యాపులో సన్నగీత కనబడినంత మాత్రాన అది సిమెంటు రోడ్డో, కంకరో, దమ్ము చేసిన చేను పక్క బురదబాటో ఫోను చెప్పదు.

2. దూరం కాదు, టైము లెక్కపెట్టండి

"రానూ పోనూ ఇరవై కిలోమీటర్లే కదా" అని లెక్కేసేది పెద్దవాళ్ళు. ఎనిమిదేళ్ళ పిల్ల మట్టి గట్టు మీద గంటకు ఎనిమిది, పది కిలోమీటర్లు తొక్కితే గొప్ప. మధ్యలో మంచినీళ్ళు, గేదెలు, కొంగలు, చెరుకు బండి, "నాన్నా నా చెప్పు పడిపోయింది" అన్నీ కలుపుకుంటే ఆరు కిలోమీటర్లు. ఇరవై కిలోమీటర్లంటే మూడు గంటలు దాటుతుంది. దారి తప్పితే ఇంకా అదనం.

కాబట్టి తిరుగు టైము పెట్టుకోండి. ఇంట్లో నుంచి ఎనిమిదింటికి బయల్దేరి పన్నెండుకల్లా భోజనానికి రావాలనుకుంటే, తొమ్మిదిన్నరకి ఎక్కడున్నా సరే వెనక్కి తిప్పాలి. లాకులు కనబడుతున్నా సరే. వెళ్ళేటప్పుడు ఉత్సాహం ఉంటుంది, వచ్చేటప్పుడు అలసట ఉంటుంది, అందుకే వచ్చే దారికి ఒక గంట ఎక్కువ వదిలేది. ఆ టైము పిల్లలకే చెప్పి, వాచీ వాళ్ళ చేతికే కట్టండి. నాన్న మాట తప్పినా వాళ్ళు తప్పనివ్వరు.

పొద్దున్నే మరీ తొందరపడకండి. పండగ రోజుల్లో మంచు దట్టంగా పడుతుంది, గట్టు అంచు కనబడదు. మంచు విడిచాక బయల్దేరండి. సాయంత్రం షికారు నాకు నచ్చదు. జనవరి మధ్యలో ఇక్కడ ఐదూ ముప్పావు ప్రాంతంలో పొద్దు కుంకుతుంది, కొబ్బరితోటల్లో ఇంకా ముందే చీకటి పడుతుంది. నాలుగింటికి బయల్దేరిన షికారు ఒక్క మలుపు తప్పితే చీకట్లో పడుతుంది.

రోజు కూడా చూసుకోండి. శనివారమైతే వాడపల్లి వెంకన్న గుడికి ఏడు శనివారాల మొక్కువాళ్ళతో ఆత్రేయపురం వైపు దారులు కిటకిటలాడతాయి. పండగ మూడు రోజులూ మధ్యాహ్నం నుంచి కోడిపందేల బరులకు వెళ్ళే బైకులు సందుగొందుల్లో కూడా దూసుకుపోతాయి, వచ్చేటప్పుడు నడిపేవాళ్ళందరూ తెలివిలో ఉంటారని చెప్పలేం. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చుట్టుపక్కల సైకిలు తొక్కే మాటే పెట్టుకోకండి. ముక్కనుమ తర్వాత రోజులు హాయి.

3. సైకిళ్ళు, బట్టలు, సంచి

సైకిళ్ళు ఎలాగూ సొంతవి కావు. ఒకటి తాతయ్యది, ఒకటి పక్కింటివాళ్ళది, పిల్లలవి ఎవరో బంధువులవి. పాకలో నుంచి తీసి తుడిచి, అదే ఊపులో బయల్దేరకండి. ముందురోజు సాయంత్రమే ఊళ్ళో సైకిల్ షాపుకి నడిపించుకుపోయి గాలి, బ్రేకులు, చైను చూపించండి. పాత సైకిలుకి వాల్ ట్యూబు ఎండి చిట్లిపోయి ఉంటుంది, కొట్టిన గాలి నిలవకపోవడానికి సగంసార్లు అదే కారణం. కొత్తది వేయించి, రెండు విడిగా కొని జేబులో వేసుకోండి. పిల్లల సైకిలు సీటు మీద కూర్చుంటే రెండు పాదాల ముందు భాగం నేలకి ఆనాలి. గట్టు మీద టక్కున కాలు పెట్టలేని ఎత్తు సైకిలు ఎంత ముద్దొచ్చినా వద్దు.

పండగ బట్టలు ఇంట్లో పెట్టండి. పట్టులంగా, ఓణీ, చున్నీ చైనులోనో చక్రంలోనో చుట్టుకుంటే మనిషి కిందపడేదాకా తెలియదు. చిన్నపిల్లల్ని వెనక క్యారియర్ మీద ఎక్కిస్తే కాళ్ళు చక్రం పుల్లల్లోకి పోకుండా పాదాలు పెట్టుకునే పెడలు ఉండాలి, కాళ్ళకి బూట్లు ఉండాలి. లేకపోతే ఆ చిన్నవాణ్ణి ఇంట్లో అమ్మమ్మ దగ్గరే వదిలేయండి. వాడు ఏడుస్తాడు, అరిసె ఇస్తే మానతాడు.

సంచిలో ఇవి చాలు: మనిషికో లీటరు నీళ్ళు, అరటిపండ్లు, నాలుగు అరిసెలు, ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్టు, చేతిపంపు, పంచరు ప్యాచీలు, సొల్యూషన్ ట్యూబు, చక్రం నట్టుకి సరిపోయే స్పానరు, గట్టి తాడు పది మీటర్లు, టార్చి, పాతగుడ్డ, కొంచెం చిల్లర నోట్లు. గట్టు మీద కొట్లలో ఫోన్‌పే ఉంటుంది కానీ సిగ్నల్ ఉండాలిగా. ఇంట్లో ఒకరికి "ఫలానా దారిలో వెళ్తున్నాం, ఇన్నింటికి రాకపోతే ఫోన్ చేయండి" అని చెప్పండి. అందరికీ చెప్పకండి, పదిమంది పదిసార్లు ఫోన్ చేసి బ్యాటరీ అవగొడతారు.

4. తప్పు దారిలో ఉన్నామని ఎలా తెలుస్తుంది

చాలామంది తెలిసినా పైకి అనరు. ఇద్దరు పెద్దవాళ్ళకీ అనుమానం వచ్చేసి ఉంటుంది, ఎవరు ముందు అనాలా అని చూస్తుంటారు. కింద చెప్పినవాటిలో ఒక్కటి కనబడినా పైకి అనేయండి.

రాసుకున్న వంతెన రావాల్సిన టైము దాటినా రాలేదు. సిమెంటు రోడ్డు కంకరైంది, కంకర మట్టైంది, మట్టి మధ్యలో గడ్డి మొలిచింది. నీళ్ళ దిక్కు మారింది. ఈ చివరిది బాగా పనికొస్తుంది. సాగునీటి కాలువ ధవళేశ్వరం నుంచి సముద్రం వైపు పారుతుంది. మీరు బొబ్బర్లంక నుంచి రావులపాలెం వైపు వెళ్తుంటే నీళ్ళు మీతోపాటే రావాలి. ఒక ఎండుటాకు వేసి చూడండి. అది మీకు ఎదురొస్తోందంటే మీరు వెనక్కి పోతున్నారు. నీళ్ళు కదలకుండా నల్లగా ఉండి, గుర్రపుడెక్క అల్లుకుని ఉంటే అది బహుశా మురుగు కాలువ. దాని గట్టు ఊళ్ళని కలుపుతుందన్న నమ్మకం లేదు.

దిక్కులకి నీడ చూసుకోండి. జనవరిలో మిట్టమధ్యాహ్నం మన నీడ ఉత్తరం వైపు పడుతుంది. పొద్దున పడమటికి, కొంచెం ఉత్తరానికి. కోనసీమకు తూర్పున గౌతమి, పడమట వశిష్ఠ, నడుమ వైనతేయ, మూడూ గోదావరి పాయలే. దక్షిణాన సముద్రం. కాబట్టి మరీ తప్పిపోయి ఎటో వెళ్ళిపోతారన్న భయం అక్కర్లేదు, ఎటు పోయినా ఒక ఏటిగట్టు అడ్డమొస్తుంది. కానీ ఏటిగట్టు దాకా పోయారంటే తిరుగు దారి చాలా పెరిగినట్టే.

5. ఆగండి, దిగండి, ముందు తినిపించండి

అనుమానం రాగానే ముందున్నవాళ్ళు కేక వేసి ఆగాలి. సైకిళ్ళు కాలువ వైపు కాకుండా చేను వైపు స్టాండు వేయండి. గట్టు వాలుగా ఉంటే స్టాండు నమ్మకుండా చెట్టుకి ఆనించండి. పిల్లల్ని కూర్చోబెట్టి నీళ్ళు తాగించి ఏదైనా తినిపించండి. మ్యాపు ఆ తర్వాత చూడొచ్చు. కడుపులో ఏదైనా పడ్డాక పిల్లల గోల సగం తగ్గుతుంది, పెద్దవాళ్ళ గొంతు కూడా తగ్గుతుంది. "నేను ముందే చెప్పానా" అనే వాక్యం ఇంటికెళ్ళేదాకా దాచుకోండి.

ఈ దశలో అందరూ చేసే పని ఒకటుంది: "మీరిక్కడే ఉండండి, నేను ముందుకెళ్ళి చూసొస్తా." వద్దు. వెళ్ళినవాడు మలుపు తిరిగాక ఫోను అందదు. పావుగంట అనుకున్నది గంటవుతుంది, వెనకున్నవాళ్ళు కంగారుపడి బయల్దేరతారు, ఒక్క గుంపు కాస్తా రెండు గుంపులవుతుంది. తప్పనిసరిగా చూసి రావాలంటే కనుచూపు మేరలోనే. విడిపోక తప్పని పరిస్థితి వస్తే, ఒక్కో గుంపులో ఒక పెద్ద మనిషి, ఒక ఫోను ఉండాలి, కలుసుకునే చోటూ టైమూ ముందే అనుకోవాలి. "లాకుల దగ్గర" అంటే చాలదు, "లాకుల దగ్గరి టీ కొట్టు ముందు, పదకొండింటికి" అనాలి.

6. ఎవర్ని అడగాలి, ఎలా అడగాలి

గోదావరి జిల్లాల్లో దారి అడిగితే చెప్పనివాళ్ళుండరు. ఇబ్బంది అక్కడే ఉంది. "ఇది రావులపాలెం దారేనాండి?" అని అడిగితే "ఆయ్, అవునండి" అంటారు. తప్పు కాదు, అటు నుంచి కూడా ఎలాగోలా రావులపాలెం చేరొచ్చు. కాబట్టి అవును, కాదు అనే జవాబు వచ్చేలా అడగకండి. "రావులపాలెం ఎటెళ్ళాలండి?" అని అడిగి ఆయన చెయ్యి ఎటు చూపిస్తుందో చూడండి.

"ఎంత దూరమండి?" అని అడిగినా లాభం తక్కువ. "ఇక్కడేనండి, ఇలా వెళ్ళి అలా తిరగడమే" అంటారు. ఆయన లెక్క బైకు లెక్క. అడగాల్సినవి మూడు. దారి ఎక్కడిదాకా సిమెంటు? మధ్యలో సైకిళ్ళతో దాటే వంతెన ఉందా, అది ఏ ఊరి దగ్గర? పిల్లలతో వెళ్ళొచ్చా? ఈ మూడోది అడగ్గానే మనిషి మీ పిల్లల వంక చూసి, ఒక్క క్షణం ఆలోచించి, అప్పటిదాకా చెప్పిన దారి మార్చి చెప్తాడు. "అలాగైతే అటు వద్దండి, మెయిన్ రోడ్డెక్కేయండి" అంటాడు. మీకు కావాల్సిన జవాబు అదే.

ఇంకో ఫర్లాంగు వెళ్ళాక మరొకర్ని అడగండి. ఇద్దరి మాటా కలిస్తే వెళ్ళండి. పెద్దవాళ్ళు దొరక్కపోతే సైకిలు మీద తిరిగే బడిపిల్లల్ని అడగండి. ఏ వంతెన మీద సైకిలు పడుతుందో వాళ్ళకి తెలిసినంత ఎవరికీ తెలియదు. దగ్గర్లో ఇల్లు కనబడితే మొహమాటపడకుండా వెళ్ళి "అమ్మా, పిల్లలకి కాసిని మంచినీళ్ళిస్తారా" అని అడగండి. బాటసారులకు వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారిది ఈ ప్రాంతమే, లంకల గన్నవరం. ఇప్పటికీ నీళ్ళడిగితే "భోంచేసి వెళ్ళండి" అనే ఇళ్ళున్నాయి. పండగ పూట ఆ మాట కాదనడమే కష్టం.

7. ఇప్పుడు నిర్ణయం

మీకున్నవి మూడు దారులు: వచ్చిన దారినే వెనక్కి, దగ్గర్లోని తారురోడ్డుకి, లేదా బండి పిలిపించుకోవడం. నాలుగోది, "అనుకున్న చోటికి వేరే దారిలో పోదాం" అనేది, పిల్లలున్నప్పుడు లిస్టులో ఉండకూడదు. అందరూ కష్టపడేది ఆ నాలుగోదాని వల్లే. లాకులు రేపు కూడా అక్కడే ఉంటాయి.

తేల్చాల్సింది నాన్న ఓపికను బట్టి కాదు, గుంపులో అందరికంటే నెమ్మదిగా తొక్కే మనిషిని బట్టి. ఆ మనిషి ఇంకా ఎంతసేపు తొక్కగలదో అడగండి, అందులో సగమే నమ్మండి. వెనక్కి దారి ఆ సగంలో పడితే వెనక్కే. తెలిసిన దారి, ఎక్కడ బురదుందో తెలుసు, ఎక్కడ కుక్కలున్నాయో తెలుసు. పడకపోతే తారురోడ్డు. ఊళ్ళ మధ్య తిరిగే రోడ్డయితే చాలు, హైవే వద్దు. రావులపాలెం దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి, అమలాపురం, రాజోలు వైపు 216. ఈ రెండింటి మీదా పిల్లల్ని సైకిలు తొక్కనివ్వకండి, దాటాల్సి వస్తే అందరూ దిగి, సైకిళ్ళు నడిపిస్తూ ఒకేసారి దాటండి.

అవతలి గట్టుకి అడ్డదారులు కనబడతాయి. కాలువ మీద వేసిన కొబ్బరిదుంగ, తాటిదుంగ మీద ఊరివాళ్ళు సైకిలు భుజాన వేసుకుని నడిచిపోతుంటారు. వాళ్ళకి చిన్నప్పటి నుంచి అలవాటు, మీ పిల్లలకు కాదు. లాకు తలుపుల మీద నడిచే ఇనుపచట్రం కూడా దారి కాదు. ఏటి ఒడ్డుకి చేరితే పంటు, అంటే మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే పడవ, కనబడుతుంది. కోటిపల్లి నుంచి ముక్తేశ్వరానికి, సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి పంటు మీద సైకిళ్ళూ ఎక్కుతాయి, పిల్లలకు సరదా. కానీ దారి తప్పిన రోజు పంటెక్కి అవతలికి పోతే, తిరుగు పంటు దొరక్కపోతే, రోడ్డు చుట్టు తిరిగి రావాలి. ఆ సరదా వేరే రోజుకి ఉంచండి.

8. బండి పిలిపించడం సిగ్గుపడే పని కాదు

ట్రాలీ ఆటో గానీ చిన్న ఏస్ బండి గానీ ఉంటే సైకిళ్ళు వెనకేసి ఇంటికి చేరొచ్చు. ఎక్కడున్నారో చెప్పడమే అసలు పని. నెట్ ఉంటే వాట్సాప్‌లో లొకేషన్ పంపండి. లేకపోతే దగ్గర్లోని బడి గోడ మీదో, గ్రామ సచివాలయం బోర్డు మీదో ఊరి పేరూ మండలం పేరూ చదివి మామూలు ఫోన్ చేసి చెప్పండి. ఒకే పేరుతో రెండు మూడు ఊళ్ళుంటాయి కాబట్టి మండలం తప్పనిసరి. ఆ తర్వాత ఫోను పక్కనున్న టీ కొట్టాయన చేతికివ్వండి. ఆయనా ఆటో ఆయనా మాట్లాడుకుంటే మీ పావుగంట మాటలు అర నిమిషంలో తేలిపోతాయి.

సైకిళ్ళన్నీ పట్టే బండి దొరక్కపోతే, మనుషులు ఆటోలో వచ్చేసి సైకిళ్ళు ఎవరింట్లోనైనా పెట్టి తాళం వేసి రావచ్చు. ఇంటాయన పేరూ ఫోన్ నంబరూ రాసుకోండి. మర్నాడు తీసుకోవడానికి వెళ్ళేటప్పుడు ఖాళీ చేతులతో వెళ్ళకండి.

9. దారిలో వచ్చే చిన్నవీ పెద్దవీ

పంచరు: గట్టు మీద పల్లేరు కాయలు, తుమ్మ ముళ్ళు ఉంటాయి. ట్యూబు మార్చినా ప్యాచీ వేసినా, టైరు లోపల నెమ్మదిగా తడిమి ముల్లు తీయకపోతే ఐదు నిమిషాల్లో మళ్ళీ గాలి పోతుంది. వేలికి బదులు పాతగుడ్డతో తడమండి, గుడ్డ పట్టుకున్న చోట ముల్లుంటుంది. చక్రం విప్పకుండానే టైరు ఒక పక్క లాగి, పాడైన చోటు వరకు ట్యూబు బయటికి తీసి ప్యాచీ వేయొచ్చు. చిల్లు కనబడకపోతే, గాలి కొట్టిన ట్యూబు మీద నీళ్ళు పోసి బుడగలు వచ్చేచోటు చూడండి. కాలువ దగ్గర నీళ్ళకి కరువా.

బురద: దాళ్వా (రెండో పంట) నాట్ల రోజులు కాబట్టి దమ్ము చక్రాల ట్రాక్టర్లు రోడ్డు మీద బురద ముద్దలు వదిలిపోతాయి. మడ్‌గార్డులో బురద ఇరుక్కుని చక్రం తిరగకపోతే బలంగా తొక్కకండి, దిగి పుల్లతో తీసేయండి. తడి బురద మీద బ్రేకు వేస్తే సైకిలు అడ్డంగా జారుతుంది, ముందే నెమ్మదించాలి.

కుక్కలు: తరిమితే వేగం పెంచకండి. దిగి, సైకిలు మీకూ కుక్కకీ మధ్యలో ఉంచి నడవండి, పిల్లల్ని మీ వెనక ఉంచండి. కరిస్తే గాయాన్ని సబ్బుతో పావుగంటసేపు పారే నీళ్ళ కింద కడిగి, అదే రోజు ఆసుపత్రికి.

చీకటి పడితే: టార్చి ముందు మనిషి దగ్గర కాదు, వెనక మనిషి దగ్గర ఉండాలి. మనల్ని గుద్దేవాళ్ళు వెనకనుంచే వస్తారు. అందరూ ఒకే వరసలో, గట్టుకి చేను వైపున, పిల్లలు మధ్యలో. అసలు చీకట్లో కాలువ గట్టు మీద తొక్కడం కంటే సైకిళ్ళు నడిపించడం మేలు. అంతకంటే బండి పిలవడం మేలు.

ఇక కాలువ. దాళ్వాకి నీళ్ళు వదిలే రోజులు కాబట్టి సంక్రాంతికి కాలువలు నిండుగా ఉంటాయి, లాకుల కింద నీళ్ళు సుడులు తిరుగుతాయి. అక్కడ కూర్చుని ఫొటోలు వద్దు. గట్టు మీద పిల్లలు చేను వైపు, పెద్దవాళ్ళు నీళ్ళ వైపు, దారంతా ఇదే పద్ధతి. అయినా ఎవరైనా పడితే వెంటనే దూకకండి, ఈత వచ్చినా సరే. మునిగేవాళ్ళు పట్టుకుంటే ఇద్దరూ పోతారు. తాడు విసరండి, కొబ్బరిమట్టో వెదురుగడో అందించండి, చీరైనా చున్నీ అయినా పనికొస్తుంది, మూత పెట్టిన ఖాళీ నీళ్ళ డబ్బా విసిరినా పట్టుకుని తేలతారు. గట్టిగా అరవండి, చుట్టుపక్కల ఈత వచ్చినవాళ్ళు ఉంటారు. బయటికి తీశాక తలకిందులుగా వేలాడదీయడం, పొట్ట నొక్కడం చేయకండి. ఊపిరి లేకపోతే నోటితో ఊపిరి ఊది, గుండె మీద నొక్కడం మొదలుపెట్టాలి. 108కి గానీ 112కి గానీ పక్కవాళ్ళు ఫోన్ చేయాలి.

10. ఇంటికి చేరాక

భోజనం చల్లారిపోయి ఉంటుంది, అమ్మమ్మ కోపంగా ఉంటుంది. ముందు కాళ్ళు కడుక్కోండి. పిల్లల కాళ్ళూ మోకాళ్ళూ చూడండి, దారిలో చెప్పని గీతలు ఇప్పుడు బయటపడతాయి.

సైకిళ్ళు ఇచ్చినవాళ్ళకి బురదతో అప్పజెప్పకండి. నీళ్ళతో కడిగి, ఆరాక చైనుకి నూనె వేసి, టైర్లు తిప్పుతూ గుచ్చుకున్న ముళ్ళన్నీ ఏరండి. రాత్రికి గాలి సన్నగా దిగేది వాటివల్లే. పొద్దున్నే టైరు నొక్కి చూసి, మెత్తగా ఉంటే పంచరు మీరే వేయించి ఇవ్వండి. వచ్చే పండక్కి కూడా ఆ సైకిళ్ళు అడగాలి కదా.